రెండు గేట్ల మధ్య దారి

1998 నవంబరు 22న అప్పటి ప్రధానమంత్రి అటల్ బిహారీ వాజ్‌పేయి మాదాపూర్‌లో సైబర్ టవర్స్ భవనాన్ని ప్రారంభించారు. అప్పట్లో ఆ పది అంతస్తుల కట్టడం చుట్టూ ఎక్కువగా కనిపించినవి బండరాళ్ల గుట్టలే. ఈనాడు రాయదుర్గం, గచ్చిబౌలి, నానక్‌రాంగూడ, కోకాపేట వరకు అద్దాల మేడలు బారులు తీరి ఉన్నాయి. ప్రతి మేడకూ ఒక గేటు, గేటు దగ్గర కాపలాదారు, గుర్తింపు కార్డు తాకిస్తే తప్ప తెరుచుకోని తలుపులు, మూలమూలనా కెమెరాలు. లోపలికి వెళ్లిన వ్యక్తి ఏ నిమిషంలో ఏ అంతస్తులో ఉన్నదీ చెప్పగల ఏర్పాటు అక్కడ ఉంది. అదే వ్యక్తి రాత్రి పదకొండింటికి గేటు దాటి రోడ్డు మీద కాలుపెట్టిన మరుక్షణం ఆ ఏర్పాటంతా వెనుకనే నిలిచిపోతుంది. మళ్లీ హాస్టల్ గేటు వచ్చేవరకు నాలుగైదు కిలోమీటర్ల దారి. మేము ఈ వ్యాసంలో మాట్లాడదలచినది ఆ దారి గురించే.

ఆ దారిలో నడిచేవారు ఎవరు? కర్నూలు, కడప, గుంటూరు, నెల్లూరు, ఖమ్మం, వరంగల్ జిల్లాల నుంచి చదువు ముగించుకొని వచ్చిన పిల్లలు. వారిలో మన ఇళ్ల పిల్లలూ ఉన్నారు. ఉద్యోగపత్రం చేతికి రాగానే ఊరంతా మిఠాయి పంచిన తల్లిదండ్రులు, ఆ పిల్ల నగరంలో దిగిన మొదటి ఆరు నెలలూ నిజానికి ఒక పర్యాటకురాలేనన్న సంగతి గమనించరు. ఏ వీధి ఎక్కడికి పోతుందో తెలియదు. ఏది టాక్సీ, ఏది ఎవరి సొంత కారో పోల్చుకోవడం రాదు. చిరునవ్వుతో పలకరించినవాడు సాయం చేయడానికి వచ్చాడా, మరొకందుకా అన్నది అర్థం కాదు. కరీబియన్ సముద్రతీర విడిదులకు వెళ్లే యాత్రికులకు ఒక హెచ్చరిక తరచుగా వినిపిస్తుంది: విడిది ప్రహరీ లోపల నిశ్చింతగా ఉండండి, చీకటిపడ్డాక గోడ దాటి ఒంటరిగా వెళ్లకండి అని. అక్కడికి సెలవులకు వెళ్లినవారు ఆ మాట పాటించి నాలుగు రోజుల్లో తిరిగి వెళ్లిపోగలరు. ఉద్యోగం చేసుకొని బతకవలసిన ఆడపిల్ల గోడ లోపలే ఎలా ఉండగలదు?

2013 అక్టోబరులో జరిగినది ఈ ప్రాంతవాసులు ఇంకా మరచిపోలేదు. ఒక యువ సాఫ్ట్‌వేర్ ఇంజనీరు సాయంత్రం మాదాపూర్‌లోని ఇనార్బిట్ మాల్‌కు వెళ్లి, గచ్చిబౌలి వైపున్న తన హాస్టల్‌కు తిరిగి వెళ్లడానికి బయట నిలబడింది. ఆగిన కారు టాక్సీయే అనుకొని ఎక్కింది. అందులో ఉన్న ఇద్దరూ ఆమెను హాస్టల్‌కు చేర్చలేదు. ఔటర్ రింగ్ రోడ్డు వైపు మళ్లించి అత్యాచారం చేశారు. ఢిల్లీలో 2012 డిసెంబరు 16 నాటి ఘోరం జరిగి అప్పటికి ఏడాది కూడా నిండలేదు. నేరస్థులిద్దరికీ 2014లో న్యాయస్థానం 20 ఏళ్ల జైలు శిక్ష విధించింది. ఇలాంటి కేసుల్లో బాధితురాలి పేరు ప్రచురించడాన్ని చట్టం నిషేధించింది. చట్టం లేకపోయినా మేము రాసి ఉండేవారం కాము. ఆ యువతి ఫిర్యాదు చేయడానికి ముందుకు వచ్చింది కనుకనే ఆ ఇద్దరూ జైలుకు వెళ్లారన్నది మాత్రం చెప్పుకోవాలి.

ఆ తరువాత చాలా మార్పులు వచ్చాయి. అవి చిన్నవి కావు. 2014 అక్టోబరు 24న హైదరాబాద్‌లో షీ టీమ్స్ ప్రారంభమయ్యాయి. మామూలు దుస్తుల్లో ఉన్న పోలీసులు చిన్న బృందాలుగా బస్సు స్టాపులు, కళాశాలలు, రద్దీ కూడళ్లలో తిరుగుతూ వేధించేవారిని రహస్య కెమెరాల్లో చిత్రీకరించి పట్టుకోవడం వారి పద్ధతి. మొదటిసారి పట్టుబడినవాడిని కుటుంబ సభ్యుల సమక్షంలో కూర్చోబెట్టి కౌన్సెలింగ్ ఇస్తారు. కన్నకొడుకు చేసిన పనిని తెరమీద చూసిన తల్లి ముఖమే కొందరికి జైలును మించిన శిక్ష అయివుంటుందని మేము ఊహించగలం. సైబరాబాద్ పోలీసులు, ఐటీ సంస్థలు కలిసి ఏర్పరచుకున్న భద్రతా మండలి ఆధ్వర్యంలో 2015లో ఈ ప్రాంతంలో మహిళల కోసం ఉచిత షీ షటిల్ బస్సులు మొదలయ్యాయి. 2016లో హైదరాబాద్‌లో భరోసా కేంద్రం వచ్చింది. బాధితురాలు ఆసుపత్రికి ఒకసారి, స్టేషనుకు ఒకసారి, లాయరు దగ్గరకు ఒకసారి తిరుగుతూ అదే కథను పదిమందికి చెప్పుకోకుండా అన్నీ ఒకేచోట దొరకాలన్నది దాని ఉద్దేశం. 2019 మార్చిలో మెట్రో రైలు అమీర్‌పేట నుంచి హైటెక్ సిటీకి, నవంబరు చివర్లో రాయదుర్గానికి చేరింది.

మెట్రో రాయదుర్గానికి చేరిన ఆ వారంలోనే, 2019 నవంబరు 27 రాత్రి, దిశ ఘటన జరిగింది. పోలీసులు ఆ యువ పశువైద్యురాలికి పెట్టిన పేరు అది. ఆ సాయంత్రం ఆమె శంషాబాద్ దగ్గర తొండుపల్లి టోల్‌గేటు పక్కన తన స్కూటీ నిలిపి, టాక్సీలో గచ్చిబౌలికి వచ్చి, వైద్యుణ్ణి కలిసి తిరిగి వెళ్లింది. రాత్రి తొమ్మిది దాటాక టోల్‌గేటు చేరేసరికి స్కూటీ టైరులో గాలి లేదు. బాగుచేయిస్తామంటూ కొందరు దగ్గరకు వచ్చారు. ఆమె చెల్లెలికి ఫోన్ చేసి భయంగా ఉందని చెప్పింది. కొద్దిసేపటికి ఫోన్ మూగబోయింది. మరునాడు ఉదయం షాద్‌నగర్ సమీపంలోని చటాన్‌పల్లి వంతెన కింద కాలిపోయిన దేహం దొరికింది.

ఆ రాత్రి కుటుంబ సభ్యులు పోలీసులను ఆశ్రయించినప్పుడు, ఈ స్థలం మా పరిధిలోకి వస్తుందా, ఆ స్టేషను పరిధిలోకి వస్తుందా అన్న చర్చలో విలువైన సమయం గడిచిపోయింది. ఫిర్యాదు నమోదులో జాప్యం చేసినందుకు ముగ్గురు పోలీసులను అప్పటి సైబరాబాద్ కమిషనర్ సజ్జనార్ సస్పెండ్ చేశారు. మరోవైపు అప్పటి రాష్ట్ర హోంమంత్రి, చదువుకున్న అమ్మాయి అయివుండి చెల్లెలికి బదులు 100కు ఫోన్ చేసి ఉంటే రక్షింపబడేదన్న అర్థంలో మాట్లాడారు. దేశమంతా ఆ మాటను తప్పుపట్టింది. తప్పుపట్టవలసినదే. భయం వేసిన క్షణంలో మనిషి నోటికి వచ్చేది తనవారి పేరే. అందులో అజ్ఞానం లేదు, మానవ స్వభావం ఉంది. అందుచేత మన కుటుంబాలు ఆలోచించవలసిన విషయం మరొకటి: అటువంటి ఫోన్ మన ఇంటికి వస్తే అవతల ఉన్న మనకు ఏం చేయాలో తెలుసా? పిల్లతో మాటలు తెగకుండా ఒకరు మాట్లాడుతూ ఉండాలి, ఇంట్లోని మరొకరు అదే నిమిషంలో వేరే ఫోన్‌తో 100కు గాని 112కు గాని చేయాలి. పిల్ల ఎక్కడ ఉన్నదీ, పక్కన ఏ బోర్డు కనిపిస్తున్నదీ, బండి నంబరేమిటో వరుసగా చెప్పాలి. ఊరిలో ఉన్న తండ్రి 100కు చేసినా సరే, హైదరాబాద్‌లో ఉన్న బంధువు చేసినా సరే. ఎవరు చేయాలన్నది ముందే అనుకొని ఉంచుకోవడం మేలు.

పరిధి మాట కూడా తెలుసుకోవలసినదే. 2024 జూలై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహిత 173వ సెక్షను ప్రకారం నేరం ఎక్కడ జరిగినా ఏ పోలీసు స్టేషనులోనైనా సమాచారం ఇవ్వవచ్చు. దీనినే జీరో ఎఫ్ఐఆర్ అంటారు. ఈ పద్ధతి ముందునుంచీ ఉన్నా, ఇప్పుడది చట్టం మాటగా మారింది. అత్యాచారం వంటి నేరాల ఫిర్యాదును నమోదు చేయని అధికారికి ఆరు నెలలకు తగ్గకుండా రెండేళ్ల వరకు కఠిన కారాగార శిక్ష ఉంది. అత్యాచార బాధితులకు ప్రభుత్వ ఆసుపత్రైనా, ప్రైవేటు ఆసుపత్రైనా వెంటనే ఉచితంగా వైద్యం చేసి తీరాలి. స్టేషను మెట్ల మీద అర్ధరాత్రి నిలబడిన తండ్రికి ఈ మూడు మాటలూ తెలిసి ఉంటే అతని గొంతు వేరుగా ఉంటుంది.

దిశ కేసులోని నలుగురు నిందితులూ డిసెంబరు 6న అదే చటాన్‌పల్లి దగ్గర పోలీసు కాల్పుల్లో చనిపోయారు. జనం పోలీసుల మీద పూలు చల్లారు. సుప్రీంకోర్టు నియమించిన జస్టిస్ సిర్పుర్కర్ కమిషన్ పోలీసుల కథనాన్ని నమ్మలేదు. పదిమంది పోలీసులను హత్యానేరం కింద విచారించాలని సిఫారసు చేసింది. ఆ నివేదిక 2022 మేలో బయటికి వచ్చింది. విచారణ జరిగి, సాక్ష్యాలు నిలిచి, శిక్ష పడి ఉంటే ఆ రాత్రి ఏం జరిగిందో, ఎక్కడ ఎవరు ఏమరారో లోకానికి పూర్తిగా తెలిసేది. ఇంకొక మాట. ఆ నలుగురిలో ఒకరి పేరును మాత్రమే పట్టుకొని, ఇది ఫలానా మతస్థుల నేరమని ఆ రోజుల్లో సామాజిక మాధ్యమాలు హోరెత్తించాయి. మిగతా ముగ్గురి పేర్లు ఆ హోరులో వినిపించలేదు.

ఈ మాట ఇక్కడితో ఆపేస్తే మేము సగమే చెప్పినవారమవుతాం. 2025 మార్చి 31, ఈదుల్ ఫిత్ర్ రోజు. హైదరాబాద్‌లో స్నేహితుని ఇంటికి అతిథిగా వచ్చిన ఒక జర్మన్ యువతిని, నగరం చూపిస్తానని కారెక్కించుకున్న వ్యక్తి పహాడీషరీఫ్ ప్రాంతంలో అత్యాచారం చేశాడన్న ఆరోపణపై పోలీసులు అరెస్టు చేశారు. ఆ నిందితుని పేరు మన ఇళ్లలో వినిపించే పేరే. నేరం రుజువు చేయవలసినది, తీర్పు చెప్పవలసినది న్యాయస్థానం. కానీ పండుగనాడు ఈ నగరానికి వచ్చిన అతిథి ఈ నగరంలోనే అలా ఫిర్యాదు చేయవలసి రావడం మనలో ఎందరిని కలవరపెట్టిందో మాకు తెలియదు. 2019లో ఒక పేరు చూసి సమాజం మొత్తాన్ని నిందించినవారిని మనం తప్పుపట్టాం. 2025లో అటువంటి పేరే కనిపించినప్పుడు మౌనంగా పేజీ తిప్పుకోవడం న్యాయం కాదు. రెండు నెలలు తిరిగేసరికి మే 31న ప్రపంచ సుందరి పోటీల ముగింపు ఉత్సవం హైటెక్స్‌లో జరిగింది. ఆ పోటీల మంచిచెడుల చర్చ ఇక్కడ కాదు. వంద దేశాలకు పైగా వచ్చిన అతిథులకు నగరం తన ముఖాన్ని అందంగా చూపించుకుంది. కానీ కార్యక్రమాల మధ్య పోలీసు వాహనాల నడుమ తిరిగిన అతిథికి దొరికే భద్రత వేరు, స్నేహితుణ్ణి చూడడానికి సొంతంగా వచ్చిన అతిథికి దొరికేది వేరు.

దారి భద్రతను పాలనకు కొలమానంగా చూడడం మన సంప్రదాయానికి కొత్త కాదు. దారిదోపిడీ గురించి ఒకరు వచ్చి మొరపెట్టుకున్న సందర్భంలో, దైవప్రవక్త (స) అదీ బిన్ హాతిమ్ (రజి)తో హీరా పట్టణం ప్రస్తావన తెచ్చారు. ఒక స్త్రీ అంత దూరం నుంచి ప్రయాణమై వచ్చి కాబా ప్రదక్షిణ చేస్తుందని, అల్లాహ్‌కు తప్ప ఆమె ఎవరికీ భయపడవలసిన పని ఉండదని, అటువంటి కాలం వస్తుందని చెప్పారు. తయ్ తెగ దోపిడీదారులు ఏమైపోతారా అని అదీ (రజి) మనసులో ఆశ్చర్యపడ్డారు. తరువాత ఆ దృశ్యాన్ని తన కళ్లతో చూశానని స్వయంగా చెప్పారు. ఆ మాటలో చెప్పబడినది దారి మారడం గురించి, దోపిడీదారులు లేకుండా పోవడం గురించి.

మన ఇళ్లలో ఈ సంగతులు మాట్లాడే తీరు చాలాసార్లు మరోలా ఉంటుంది. వార్త రాగానే, 'అందుకే ఉద్యోగం వద్దన్నాను' అన్న మాట వినిపిస్తుంది. ఈ ఒక్క మాట ఎంత హాని చేస్తుందో గమనించాలి. బస్సులో ఎవడో వెంటపడ్డాడని, క్యాబ్ డ్రైవరు అద్దంలో పదేపదే చూశాడని, ఆఫీసులో పైవాడు అర్ధరాత్రి సందేశాలు పంపుతున్నాడని పిల్ల చెప్పదలచుకుంటుంది. చెబితే మరునాడే అబ్బా బస్సెక్కి వచ్చి సామాను సర్దించేస్తారన్న భయంతో నోరు మూసుకుంటుంది. చిన్నగా మొదలైన వేధింపు పెద్దదయ్యేది ఈ మౌనంలోనే. వేధించేవాడికి కూడా ఆ మౌనం మీదే నమ్మకం. 'ఏం జరిగినా ముందు మాకు చెప్పు, నిన్ను ఏమీ అనం, ఉద్యోగం మాన్పించం' అని అమ్మీ అబ్బాలు నోరారా ఒకసారి చెబితే అది ఏ ఫోన్ యాప్ కన్నా బలమైన రక్షణ అని మేము భావిస్తున్నాం.

యాప్‌ల మాట వచ్చింది కనుక ఒకటి చెప్పాలి. తెలంగాణ పోలీసు మహిళా భద్రతా విభాగం 2024 మార్చిలో టీ-సేఫ్ అనే సేవను ప్రారంభించింది. ప్రయాణం మొదలుపెట్టేటప్పుడు 100కు గాని 112కు గాని ఫోన్ చేసి 8 నొక్కితే, గమ్యం చేరేవరకు ఆ ప్రయాణాన్ని పోలీసులు గమనిస్తూ ఉంటారు. స్మార్ట్‌ఫోన్ లేనివారు కూడా వాడుకోవచ్చు. పని పూర్తికాగానే షటిల్ ఎక్కే అవకాశం ఉన్నవారికి అది మేలే. కానీ మెట్రో అర్ధరాత్రికి ముందే ఆగిపోతుంది, షిఫ్టు ఒంటిగంటకు ముగుస్తుంది. ఆ సమయంలో ఈ సేవ అవసరం అసలైనది.

బండి విషయంలో కొన్ని గుర్తులు పిల్లలకు ముందే చెప్పి పంపాలి. అద్దెకు తిరిగే టాక్సీకి పసుపు నంబరు ప్లేటు ఉంటుంది. తెల్ల ప్లేటు ఉన్న కారు ఎవరి సొంతమో తప్ప టాక్సీ కాదు. ఔటర్ రింగ్ రోడ్డు కూడళ్లలో 'ఫలానా ఊరికి, ఒక్క సీటే ఉంది' అని పిలిచే కార్లలో చాలావాటికి తెల్ల ప్లేట్లే. వాటిలో నిజాయితీపరులూ ఉంటారు, కానీ ఎవరు ఎక్కారో, ఎవరు తీసుకెళ్లారో ఎక్కడా రాసి ఉండదు. ఫోన్‌లో వచ్చిన నంబరు, ఎదుట నిలిచిన బండి నంబరు ఒకటేనా అని చూడకుండా తలుపు తీయకూడదు. 2005 డిసెంబరులో బెంగళూరులో ఒక కాల్‌సెంటర్ ఉద్యోగిని హత్యకు గురైంది. రోజూ వచ్చే డ్రైవరుకు బదులు తానొచ్చానని చెప్పిన మరో డ్రైవరు ఆమెను ఎక్కించుకున్నాడు. డ్రైవరు మారాడంటే ఆఫీసు రవాణా విభాగానికి ఫోన్ చేసి రూఢి చేసుకోవడంలో మొహమాటం ఏమీ లేదు. రాత్రి షిఫ్టు క్యాబ్‌లో మహిళను చివరగా దింపకూడదన్నది సంస్థలు పాటించవలసిన కనీస నియమం; పాటించకపోతే అడగాలి.

రాత్రి గురించి భయపడేవారు తెల్లవారుజాము గురించి తరచుగా మరచిపోతారు. ఊరినుంచి వచ్చే బస్సులు మియాపూర్, లింగంపల్లి, గచ్చిబౌలి దగ్గర నాలుగింటికే దింపేసి వెళ్లిపోతాయి. పండుగ సెలవుల తరువాత ఇది మరీ ఎక్కువ. 2014 జనవరి 5 తెల్లవారుజామున, మచిలీపట్నానికి చెందిన ఒక యువ సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని సెలవులు ముగించుకొని రైలులో ముంబయి కుర్లా టెర్మినస్‌లో దిగింది. పదకొండు రోజుల తరువాత ఆమె దేహం రహదారి పక్కన పొదల్లో దొరికింది. కింది కోర్టు ఒకరికి మరణశిక్ష వేసింది. 2025 జనవరిలో సుప్రీంకోర్టు సాక్ష్యాలు చాలవని అతణ్ణి విడుదల చేసింది. పదకొండేళ్ల తరువాత కూడా ఆ తల్లిదండ్రులకు సమాధానం దొరకలేదు. స్టేషనులో వెలుతురున్న చోట, నలుగురిలో, తెల్లగా తెల్లవారేవరకు కూర్చోమని పిల్లలకు చెప్పాలి. ఒక గంట ఆలస్యమైతే ఆఫీసువారు ఏమంటారోనన్న బెంగ ఆ పిల్ల మనసులో పెట్టకూడదు.

ఇంతవరకు ఆడపిల్లల గురించే చెప్పాం. మగపిల్లలు క్షేమంగా ఉన్నారనుకోవడానికి లేదు. ఉద్యోగం ఇప్పిస్తామని లక్షలు కట్టించుకొని రాత్రికి రాత్రే బోర్డు తిప్పేసిన కన్సల్టెన్సీలు మాదాపూర్ వీధుల్లో చాలామందికి తెలుసు. 2024లో హైటెక్ సిటీ ప్రాంతంలోని ఒక పబ్ కేంద్రంగా నడిచిన మోసాన్ని సైబరాబాద్ పోలీసులు బయటపెట్టారు. ఫోన్‌లో పరిచయమైన అమ్మాయి అక్కడికి రమ్మంటుంది, ఖరీదైన పానీయాలు తెప్పిస్తుంది, వేలల్లో బిల్లు మిగిల్చి మాయమవుతుంది. అటువంటి చోటికి వెళ్లడం తప్పన్నది మన పిల్లవాడికి మనం చెప్పవలసినదే. అయితే వెళ్లి మోసపోయినవాడు ఇంట్లో చెప్పుకోలేడన్న లెక్క మీదనే ఈ వ్యాపారమంతా నడుస్తుంది. డబ్బు పోయినప్పుడు 1930కి వెంటనే ఫోన్ చేస్తే, ఆ సొమ్ము చేతులు మారకముందే నిలిపివేసే అవకాశం ఉంటుంది. సిగ్గుతో రెండు రోజులు ఆగితే ఉండదు.

మరొక కోణం. ఈ నగరంలో క్యాబ్‌లు, ఆటోలు నడిపి కుటుంబాలు పోషించుకుంటున్న మన అన్నదమ్ములు వేలమంది. మా పాఠకుల ఇళ్లలోనూ ఉన్నారు. ఒకరి బిడ్డను ఒక చోటునుంచి మరొక చోటికి చేర్చడం వారి చేతిలోని అమానత్. లోపలి గడియ సరిగా ఉందో లేదో ఎక్కేవారికి చూపించడం, దారి మార్చవలసి వస్తే ముందే కారణం చెప్పడం, హాస్టల్ తలుపు తెరుచుకునేవరకు హెడ్‌లైట్లు వేసి ఒక్క నిమిషం ఆగడం. వీటికి పైసా ఖర్చు లేదు. ఇలా చేసే డ్రైవర్లు ఇప్పటికే ఉన్నారు. వారి గురించి పత్రికల్లో రాదు.

ఇక ఆ హాస్టల్ తలుపు. పిల్లను చేర్చడానికి వచ్చిన తల్లిదండ్రులు గది చూస్తారు, భోజనం హలాలా కాదా అడుగుతారు, అద్దె బేరమాడతారు. చాలా హాస్టళ్లలో రాత్రి పదింటికో పదకొండింటికో గేటు మూసేస్తారు. ఆ తరువాత వచ్చినవారు వీధిలో నిలబడి, వార్డెన్ ఫోన్ ఎత్తేవరకు మోగిస్తూ ఉండవలసిందే. అడ్వాన్సు కట్టే ముందు వార్డెన్‌ను ఇంకొకటి కూడా అడగాలి: షిఫ్టు ముగించుకొని రాత్రి రెండింటికి మా అమ్మాయి తలుపు తడితే, లేచి తీసేది ఎవరు?